నడవడియే ప్రబోధము: బిషప్ అజరయ్యగారి జీవితము

ధర్మమును నోటితో చెప్పువారు వేలకొలది గలరు. నడచి చూపువారు కొందరే. ఆంధ్ర మహాభారతమునందలి అరణ్యపర్వము చదివినవారికి ధర్మవ్యాధుని కథ తెలియనిది కాదు. వేదాధ్యయనము చేసిన కౌశికుడు మిథిలానగరమునకు పోయి, మాంసము విక్రయించు నొక వ్యాధుని ముంగిట నిలిచి ధర్మసూక్ష్మములు వినవలసి వచ్చెను. ఆ వ్యాధుడు గ్రంథములు రచించినవాడు కాడు. తన వృత్తిని న్యాయముగా నడపుకొనుచు, వృద్ధులైన తలిదండ్రులను దేవతలవలె కొలుచుటయే ఆతని శాస్త్రము. అది చూచిన పిమ్మట కౌశికునికి వేరు ప్రమాణము అక్కరలేకపోయెను.

పల్లెలలో మతములకు విలువ కట్టు పద్ధతియు ఇట్టిదే. ఏ మతగ్రంథమున ఏమున్నదో విచారించు తీరిక రైతునకు లేదు. ఆ మతము పుచ్చుకొన్న పొరుగువాడు బదులు తెచ్చిన గింజలు తిరిగి కొలిచెనా లేదా, కల్లుపాక దాటి ఇల్లు చేరెనా లేదా, భార్యను కొట్టుట మానెనా లేదా అని చూచును. చూచి, ఆ మతమునకు జమయో ఖర్చో వ్రాసికొనును. ఈ లెక్క తెలిసి, ఆ లెక్కకు తలయొగ్గి, తన జీవితమును, తన వెంట నడచిన లక్షలాది జనుల జీవితమును దాని యెదుట నిలిపిన మహనీయుడు బిషప్ వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు. నిజాము రాజ్యమునందలి డోర్నకల్ ఆయన కార్యస్థానము.

ఆ కాలమున ఆంధ్రదేశమున క్రైస్తవ మతముపై రెండు నిందలుండెను. అది దొరల మతమనుట మొదటిది. బీదలు కూటికొరకు పుచ్చుకొను మతమనుట రెండవది. ఈ నిందలకు గ్రంథములు వ్రాసి సమాధానము చెప్పిన పండితులు లేకపోలేదు. అజరయ్యగారు మాత్రము బ్రదికి సమాధానము చెప్పదలచిరి.

ఆయన 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలో వెల్లాలన్‌విళై అను కుగ్రామమున జన్మించిరి. తాటివనములు, ఎఱ్ఱని ఇసుకనేలలు గల ప్రదేశమది. తండ్రి తామస్ వేదనాయకంగారు ఆ గ్రామమునందలి క్రైస్తవ దేవాలయమునకు గురువు. తల్లి పేరు ఎల్లెన్. వారికి చాలకాలము మగసంతు లేదు. ప్రార్థనల ఫలముగా కలిగిన బిడ్డ యని తలచి, బైబిలునందు హన్నా అను తల్లి దేవుని వేడి కనిన కుమారుని పేరే ఈ బిడ్డకును పెట్టిరి. బాల్యముననే తండ్రి గతించెను. తల్లి గారాబము చేసి బిడ్డను పాడుచేయలేదు. వేళకు లేచుట, వేళకు చదువుట, చెప్పిన మాట నిలుపుకొనుట అను మూడును ఆమె పెట్టిన భిక్ష. పిమ్మట ఎంతటి పదవి వచ్చినను ఈ మూటిని ఆయన విడువలేదు.

మేజ్ఞానపురమునను తిరునెల్వేలిలోను చదివి, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము ప్రధానముగా అభ్యసించిరి. పరీక్షవేళ జబ్బుపడుటచే పట్టము చేతికి రాలేదు. మరియొకరైనచో దానికై ఏండ్లకొలది చింతించియుందురు. ఈయన 1895లో యువజన క్రైస్తవ సంఘమున, అనగా వై.ఎం.సి.ఏ.లో, కార్యదర్శిగా చేరి పనిలో మునిగిరి. 1909 వరకు దక్షిణదేశమంతట తిరిగి యువకులను కూడగట్టిరి. అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీగారితో ఆయనకు కుదిరిన స్నేహము ఆ దినములలోనిదే. తెల్లవాడును నల్లవాడును సమానులై ఒకరి తప్పులొకరు దిద్దుకొనుచు పనిచేయగలరని ఆ స్నేహమువలన ఆయనకు తెలిసెను. అది ఎంత అరుదైనదో కూడ ఆ దినములలోనే తెలిసెను.

1898లో అంబు మరియమ్మగారిని వివాహమాడిరి. ఆ కాలపు దక్షిణదేశ క్రైస్తవ స్త్రీలలో కళాశాల మెట్టు నెక్కిన తొలివారిలో ఆమె యొకతె. కట్నము పుచ్చుకొనలేదు, ఆడంబరముగా ఖర్చు పెట్టలేదు. పెండ్లికి చేసిన అప్పు తీర్చుటలోనే సగము ఆయుష్షు గడపు సంసారములు ఆ సీమలోను తక్కువ కావు. ఊరికి చెప్పదలచిన మాటను ముందు తన పెండ్లిపందిటిలో చేసి చూపిన పిమ్మటనే ఆయన లోకమునకు చెప్పిరి.

1902లో ఆయన సింహళద్వీపమునందలి యాళ్పాణమునకు పోయిరి. అచ్చటి అరవ క్రైస్తవులు తమ సొంత ధనముతో తమవారినే దూరప్రాంతములకు ప్రచారకులుగా పంపుచుండుట చూచి సిగ్గుపడిరి. తమ తిరునెల్వేలి క్రైస్తవులు తరతరములుగా పరదేశపు ధనముతో నడచు బడులలో చదివి, పరదేశపు ధనముతో కట్టిన గుడులలో ప్రార్థించుచు, ఇతరులకు చిల్లిగవ్వయైన ఇయ్యకుండుట ఆయనకు గుచ్చుకొనెను. పుచ్చుకొనుటయే గాని పెట్టుట తెలియని చేయి ఎంతకాలమునకును నిలువ నేర్వదని ఆయన నిశ్చయము. మరుసటి యేడు, 1903 ఫిబ్రవరి 12వ తేదీన, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ అను సంస్థ ఆయన పూనికతో వెలసెను. దాని నియమములు సులభములు: మనుష్యులు మనవారే, ధనము మనదే, యాజమాన్యము మనదే. 1905 డిసెంబరు 25వ తేదీన వంగదేశమునందలి శ్రీరామపురమున నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించినవారిలోను ఆయన ముఖ్యుడు. ఆ సభ జరిగిన చోటు విలియం కేరీ గ్రంథాలయము. గ్రంథాలయమున కూర్చున్న కొలదిమంది తలపు దేశమంతటికిని ప్రాకుననుటకు ఇది యొక నిదర్శనము.

తిరునెల్వేలి సంస్థ పని చేయుటకు ఎన్నుకొనిన చోటు తెలుగుదేశము. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారి సలహామీద నిజాము రాజ్యమున తూర్పుదిక్కున గల డోర్నకల్ ప్రాంతమును వారు స్వీకరించిరి. సింగరేణి బొగ్గుగనులకు చీలిపోవు రైలుమార్గము అచ్చట మొదలగును. స్టేషను దాటినచో అడవి, చలిజ్వరములు, విడివిడిగా పల్లెలు. ప్రచారకులను పంపవలసినదని సభలలో చెప్పుచు, ఇతరులను ప్రోత్సహించుచు తిరుగుచున్న అజరయ్యగారికి ఒకనాడు తనను తాను ప్రశ్నించుకొనక తప్పలేదు. ఇతరులను పొమ్మనుచు తాను పట్టణమున నుండుట ఏమి న్యాయము? నగరమున గౌరవోద్యోగము, పేరుప్రతిష్ఠలు విడిచి, 1909లో గురుపట్టము పొంది, ముప్పదియైదేండ్ల ప్రాయమున భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరిరి. అరవము మాతృభాషయైన ఆయన అ ఆలు మొదలు తెలుగు నేర్చుకొని, పల్లెజనులతో వారి మాటలలోనే మాటలాడ సాగిరి.

మరుసటి యేడు, 1910లో, స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమున ప్రపంచ క్రైస్తవ ప్రచారకుల మహాసభ జరిగెను. పన్నెండు వందలమందికి పైగా వచ్చిన ఆ సభలో ఆసియావాసులు ఇరువదిమందియైన లేరు. అజరయ్యగారు లేచి, దొరలకును దేశీయులకును నడుమ గల సంబంధమును గూర్చి నిర్భయముగా మాటలాడిరి. పరదేశపు ప్రచారకులు ఈ దేశమునకు ధనమిచ్చిరి, శ్రమనిచ్చిరి, ప్రాణములనైన ఇచ్చిరి. స్నేహము మాత్రము ఇయ్యలేదని వారి అభిప్రాయము. ఒకే దేవుని బిడ్డలమని వేదికపై చెప్పి, ఇంటికి వచ్చిన దేశీయ సోదరునికి కుర్చీ చూపని నడవడి ఆ మతమునకే తలవంపు. సభలో కొందరు నొచ్చుకొనిరి, కొందరు కోపించిరి, కొందరు ఆలోచనలో పడిరి. ఆ ఉపన్యాసము నేటికిని క్రైస్తవ చరిత్రకారులు తలచుకొనుచుందురు. యజమానుల తప్పును యజమానుల ఊరిలో, యజమానుల ఎదుట చెప్పుటకు గుండెబలము కావలెను. ద్వేషము లేకుండ చెప్పుటకు అంతకంటె ఎక్కువ కావలెను.

వైట్‌హెడ్‌గారు అప్పటికే ఒక సాహసము తలపెట్టియుండిరి. ఆంగ్లికను సంఘమున అంతవరకు భారతీయుడెవ్వడును బిషప్పు కాలేదు. అజరయ్యగారిని బిషప్పుగా చేయవలెనని ఆయన పట్టుపట్టిరి. ఇంగ్లీషు గురువులు ఒక నల్లవాని ఆజ్ఞకు లోబడుదురా యని దొరలు శంకించిరి. దేశీయ క్రైస్తవులలోను కులమునుబట్టి, అసూయనుబట్టి వలదన్నవారుండిరి. చట్టపు చిక్కులు కొన్ని అడ్డము వచ్చెను. డోర్నకల్ బ్రిటిషు ఇండియాకు వెలుపల, నిజాము ప్రభువు ఏలుబడిలో నుండుటచేత ఆ చిక్కులు కొంత సడలెను. తుదకు 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో అజరయ్యగారికి బిషప్పు పట్టాభిషేకము జరిగెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియెనిమిదేండ్లు.

ఆ పదవితో ఆయన భుజములపై పడిన బరువు సామాన్యమైనది కాదు. ఆయన తప్పటడుగు వేసినచో అది ఒక్కని తప్పుగా ఎంచబడదు. భారతీయులు పెత్తనమునకు తగరని లోకము తీర్పు చెప్పును. తరువాత రావలసినవారి త్రోవ మూసికొనిపోవును. 1945లో ఆయన మరణించునంతవరకు ఆంగ్లికను సంఘమున ఒక అధ్యక్షమండలమును పూర్తిగా ఏలిన భారతీయుడు ఆయన యొక్కడే. ముప్పదిరెండేండ్లు ఆ కత్తిమీద సాము సాగెను. పైసాకు పైసా లెక్క, గంటకు గంట పని, మాటకు మాట నిలుకడ అను నియమములను ఆయన అంత కఠినముగా పాటించుటకు ఇది యొక కారణము. కఠినుడను పేరును ఆయనకు రాకపోలేదు. సోమరితనమును, లెక్కలలో అశ్రద్ధను సహింపరు. ఆ విషయమున తనవారిని గాని పరులను గాని విడిచిపెట్టరు.

ఆయన కాలమున క్రైస్తవ మతములో చేరినవారిలో మిక్కిలి పెక్కుమంది మాల, మాదిగ కులములవారు. నాటి తెలంగాణమున దొరలకు, దేశ్‌ముఖులకు వారు చేయు వెట్టిచాకిరి ఎట్టిదో పెద్దలవలన విన్నవారికి వివరింప నక్కరలేదు. ఊరి బావి నీరు వారికి లేదు. బడి అరుగు వారికి లేదు. తరతరముల అవమానమువలన మనుష్యుడు తనను తానే తక్కువగా తలచును. తలచినపుడు త్రాగుడు, అప్పు, తగవులు ఆతని ఇంట చేరును. మురికి, రోగము, అప్పు, మద్యము అను నాలుగింటిని అజరయ్యగారు నాలుగు భూతములుగా ఎంచి, వానితో యుద్ధము ప్రకటించిరి. బాప్తిస్మము పొందుటతోనే పని తీరినదని ఎవ్వరును అనుకొనకుండ, పొందుటకు ముందును పిమ్మటను శిక్షణ ఇచ్చిరి.

ఆ శిక్షణకు ఆయన ఎన్నుకొనిన సాధనము పల్లె ఉపాధ్యాయుడు. డోర్నకల్‌లో యువకులను వారి భార్యలతో సహా చేర్చుకొని చదువు చెప్పించిరి. మగవాడు మాత్రము చదివినచో ఇల్లు మారదని ఆయనకు, అంబు మరియమ్మగారికి తెలియును. ఆమె స్వయముగా స్త్రీల విద్యకై పాటుపడెను. విద్యార్థులు చదువుతోపాటు పొలములో పని చేయవలెను. చదివినవాడు కొడవలి పట్టుటకు సిగ్గుపడరాదని నియమము. అట్టి దంపతులు పల్లెలలో మట్టియింట కాపురముండి, పగలు పిల్లలకు, రాత్రి దీపము వెలిగించి పెద్దలకు అక్షరములు నేర్పిరి. వాడలోనివారికి ఆ ఇల్లే బడి, గుడి, వైద్యశాల, ఉత్తరములు చదివించుకొను చోటు. 1935 నాటికి ఆ అధ్యక్షమండలమున సుమారు 250 మంది దేశీయ గురువులును, రెండు వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులును పనిచేయుచుండిరి. 1920 తరువాత మండలము విస్తరించి, బందరు, ఏలూరు, బెజవాడ, నంద్యాల ప్రాంతములు కూడ అందు చేరినవి. క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

బిషప్పుగారు ఈ పల్లెలకు ఎద్దుబండిమీదను, సైకిలుమీదను తిరుగుచుండిరి. సంవత్సరములో పెక్కు మాసములు త్రోవలలోనే గడచెడివి. సంకీర్తనలతో, భజనలతో, కోతపండుగలతో, జాతరలవంటి కూటములతో ఆరాధన జరుపుట ఆయనకిష్టము. దేశపు పద్ధతిలో పాడి, దేశపు పద్ధతిలో నేలపై కూర్చుండి దేవుని కొలిచినచో మతము దొరలదను నింద తానే రాలిపోవునని ఆయన నమ్మకము. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచే ఎవరి చేయి వారి తలపై ఉంచించి, తాము బాప్తిస్మము పొందినవారమనియు, ఈ వార్త ఇతరులకు తెలుపనిచో తమకు శ్రేయస్సు లేదనియు అనిపించెడివారు. చదువురాని కూలివాడుగాని, ముసలి అవ్వగాని ఈ బాధ్యతనుండి తప్పుకొనుటకు వీలులేదు. వారు ఉపన్యసింపలేరు. కావున వారు తెలుపవలసిన విధము ఒక్కటే, మంచిగా బ్రదుకుట.

కూటికొరకు చేరినారను నిందకు ఆయన చెప్పిన సమాధానము పిడికెడు బియ్యము. వంటకు బియ్యము కొలుచునపుడు ప్రతి గృహిణియు ఒక్క పిడికెడు తీసి వేరుకుండలో వేసి, వారమునకొకసారి గుడికి తెచ్చి సమర్పించెడిది. కోతల కాలమున ధాన్యము, కోడి, గ్రుడ్లు, కూరగాయలు వచ్చెడివి. తాము తినుటకే చాలని ఇండ్లనుండి అడుగుట న్యాయమా యని కొందరు శంకించిరి. ఇచ్చుట వలననే మనిషి తలయెత్తుకొనునని ఆయన అనుభవము. యాళ్పాణమున తాను పడిన సిగ్గు తన పల్లెవాసులు పడకూడదని ఆయన పట్టుదల. దానమును గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము అనేక దేశములలో చదువబడెను. అది వ్రాయుటకు ఆయనకు నేర్పిన గురువులు మాత్రము వాడలలోని గృహిణులు.

ఫలితము ఊరివారు కనిపెట్టుచునే యుండిరి. నిన్నటివరకు కల్లుపాకలో పడియుండినవాడు నేడు బిడ్డను బడికి పంపుచున్నాడు. నిన్న తగవులాడినవాడు నేడు సర్దుకొనుచున్నాడు. 1930 ప్రాంతములనుండి తెలుగు జిల్లాలలో రెడ్లు, కమ్మవారు మొదలగు వ్యవసాయకులములవారు వేలసంఖ్యలో క్రైస్తవ సంఘమున చేరిరి. కారణమడిగినవారికి వారిలో చాలమంది చెప్పినది ఒకే మాట: తమ పొలములలో పనిచేయు మాల మాదిగల బ్రదుకులు మారుట కన్నులార చూచితిమని. పల్లెలో పెద్ద కులమువాడు అంటరానివాని నడవడిని చూచి నేర్చుకొనుట సామాన్యమైన సంగతి కాదు. మిథిలలో కౌశికుడు వ్యాధుని ముంగిట నిలుచుట వంటిదే అది.

అన్నియు చక్కబడెనని చెప్పుట సత్యము కాదు. సంఘములో చేరిన పిమ్మటను మాలలకు మాదిగలకు నడుమ గల ఎడము పూర్తిగా పోలేదు. ఒకే పాత్రనుండి ప్రభుభోజనము పుచ్చుకొనినవారే పెండ్లి సంబంధముల కడ కులము వెదకిరి. బిషప్పుగారు బోధించిరి, మందలించిరి, శిక్షించిరి. ఆ వేరు మాత్రము పెకలలేదు. దానిని గూర్చి ఆయన మనస్తాపము తీరనిది. తన సంఘపు లోపమును కప్పిపుచ్చక ఒప్పుకొనుటయు ఆయన నడవడిలో భాగమే.

గాంధీమహాత్మునితో ఆయనకు అభిప్రాయభేదము కలిగెను. ఒక మతమునుండి మరియొక మతమునకు మనుష్యులను మార్చుట గాంధీగారికి సమ్మతము కాదు. ముఖ్యముగా చదువులేని బీదల విషయమున. తమ మేలు తాము ఎరిగి, తమకు నచ్చిన దేవుని కొలుచుకొను స్వేచ్ఛ బీదలకును ఉండవలెనని అజరయ్యగారి వాదము. ఇద్దరును అంటరానితనమును ద్వేషించినవారే; ఇద్దరును మద్యమును మాన్పదలచినవారే; ఇద్దరును నిరాడంబరులే. అయినను ఈ ఒక్క విషయమున కలియలేదు. పెద్దలు విభేదించినపుడు ఎవరి పక్షము వహింపవలెనో చదువరుల ఇష్టము. అయితే ఒక సంగతి మరువరాదు. 1932లో బ్రిటిషు ప్రభుత్వము కమ్యూనల్ అవార్డు ప్రకటించి దేశీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చినపుడు, అట్టి ప్రత్యేకతను వలదన్నవారిలో అజరయ్యగారు ప్రముఖులు. తమకు లాభమగు ఏర్పాటును తామే వలదనుట రాజకీయములలో అరుదు. క్రైస్తవులు తమ ఓట్లకై తాము గిరిగీసికొనినచో పొరుగువారికి పరాయివారగుదురనియు, పరాయివాని మంచితనము ఎవరికిని అక్కరకు రాదనియు ఆయన తలంపు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ మహాదేవాలయము ఆయన మనస్సునకు రాతిరూపమనవచ్చును. ధనము కూడినపుడు కట్టుచు, కూడనపుడు ఆపుచు, ఏండ్ల తరబడి ఆ పని సాగెను. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. ఇంగ్లండులోని గుడులకు నకలుగా దానిని కట్టలేదు. గుమ్మటములు, మినారులు చూచినచో మసీదు తలపునకు వచ్చును. స్తంభములు, తామరపూవులు చూచినచో దక్షిణదేశపు మండపములు తలపునకు వచ్చును. నడుమ సిలువ నిలుచును. ఊరిలోని హిందువుగాని ముసల్మానుగాని దానిని చూచి ఇది మన దేశపు కట్టడమే యనుకొనవలెనని ఆయన కోరిక. నేటి మహబూబాబాదు జిల్లాలో రైలు దిగినవారు దానిని ఇప్పటికిని చూడవచ్చును.

క్రైస్తవులలోని శాఖాభేదములు ఆయనను చాల బాధించెడివి. పొరుగువారిని కలిసియుండుమని బోధించువారు తాము పది సంఘములుగా చీలి, ఒకరి గుడికి ఒకరు పోకుండుట ఏమి సాక్ష్యము? 1919 మే మాసమున తరంగంబాడిలో కూడిన దేశీయ గురువుల సభకు ఆయన ముందు నిలిచి, సంఘముల ఐక్యతకు పునాది వేసిరి. తక్కిన జీవితమంతయు ఆ పనికై లేఖలు వ్రాయుచు, సభలు నడపుచు, రాజీలు కుదుర్చుచు గడిపిరి. 1929 నుండి 1944 వరకు జాతీయ క్రైస్తవ సమాలోచన సభకు అధ్యక్షులుగా నుండిరి. అంతకుముందే, 1920లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. జబ్బుచేత బి.ఏ. పట్టము పొందలేకపోయిన విద్యార్థికి లభించిన సత్కారమది. ఆ పట్టముతో తిరిగివచ్చి ఆయన మరల ఎద్దుబండి ఎక్కిరి.

1945 జనవరి 1వ తేదీన, కొలదిదినముల జ్వరము తరువాత, డోర్నకల్‌లోనే ఆయన కన్నుమూసిరి. వయస్సు డెబ్బదేండ్లు. తాను కట్టించిన దేవాలయపు ఆవరణలోనే సమాధి చేసిరి. ఆయన కోరిన సంఘైక్యము ఆయన కన్నులారా చూడలేదు. 1947 సెప్టెంబరు 27వ తేదీన, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆరు వారములకు, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. విత్తనము వేసినవాడు పంట కోయకపోవుట వ్యవసాయములో వింత కాదు.

ఆయన తిరిగిన నిజాము రాజ్యము నేడు లేదు. ఆ రాజ్యపు రాజధాని పడమటిదిక్కున, రాతిగుట్టలు, సీతాఫలపు చెట్లు, జొన్నచేలు ఉండిన మాదాపురము, గచ్చిబౌలి, కొండాపురము ప్రాంతములు నేడు హైటెక్ సిటీ, సైబరాబాదు అను పేర్లతో విఖ్యాతములైనవి. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప దేశపు నలుమూలలనుండి జనము వచ్చి చేరిరి. ఒకే భవనమున, ఒకే అంతస్తున, ఒకే బల్లకడ హిందువు, ముసల్మాను, క్రైస్తవుడు ప్రక్కప్రక్కన కూర్చుండి పనిచేయుదురు. ఆ భవనములు కట్టిన కూలీలు, ఊడ్చు స్త్రీలు, కావలికాయువారు డోర్నకల్, ఖమ్మము వంటి చోట్లనుండి రైలెక్కి వచ్చినవారే కొందరు. అచ్చట ఎవ్వరును ఎవ్వరి మతగ్రంథమును విప్పి చూడరు. జీతము రోజున కావలివానికి ఇయ్యవలసినది ఇచ్చెనా, తనకంటె చిన్నవానిని మన్నించి పలికెనా, ఇతరుని పని తన పేర వ్రాసికొనెనా అని చూతురు. అద్దపు మేడలోనైనను, మట్టివాడలోనైనను ఆ లెక్క వ్రాయు పద్ధతి మారలేదు.

అజరయ్యగారి మతమును అందరును అవలంబింపనక్కరలేదు. ఏ మతమువాడైనను తన మతమునకు తాను తెచ్చు కీర్తి ఏ దారిన వచ్చునో తెలిసికొనుటకు ఆయన జీవితము చదువదగినది. పెద్ద పదవిలో నుండి ఆయన నమ్మినది చిన్నవారి నడవడిని. బిషప్పుగారి ఉపన్యాసములు విన్నవారు కాలగతిలో కలిసిపోయిరి. ఆ పల్లెలలో రాత్రి దీపపు వెలుగున అక్షరములు దిద్దిన కూలివాని మనుమలు నేడు ఉపాధ్యాయులై, వైద్యులై, గుమాస్తాలై బ్రదుకుచున్నారు. పిడికెడు బియ్యము తీసి కుండలో వేసిన అవ్వ పేరు ఏ గ్రంథమునను లేదు. అయినను ఆ ఊరి లెక్కలో ఆమె మతమునకు ఆమె వ్రాయించిన జమ ఇంకను చెరగలేదు.